35 వేల రివాల్వర్... మన అసోంటోళ్లకు అక్కరేనా?



మొన్న ఏనుమాముల మార్కెట్ల పత్తి బండ్ల లైన్ల ఉన్నప్పుడు పక్క ఊరి తమ్ముడు ఒకడు చాయ్ తాగుకుంట అడిగిండు. "అన్నా, సర్కారు ఫ్యాక్టరీల తయారైన చిన్న రివాల్వర్ 35 వేలకే వస్తదట గదా. ఒకటి తీసుకుంటే ఎట్లుంటది? రాత్రిపూట బాయి కాడ ఒక్కళ్లమే ఉంటున్నం. పందులకు, కోతులకు, దొంగలకు అన్నిటికీ పనికొస్తది" అని. చుట్టూ ఉన్నోళ్లు నవ్విండ్రు. నేను నవ్వలేదు. ఎందుకంటే రెండేండ్ల కిందట ఇదే ముచ్చట నేను మా ఇంట్ల తీసిన. ఉత్త ముచ్చటనే కాదు, దరఖాస్తు ఫారం కూడ తెచ్చుకున్న.

లైన్ కదిలింది, తమ్ముడు బండి ముందలికి తీసుకుపోయిండు, మాట అక్కడనే ఆగింది. ఆ మిగిలిన మాట ఇక్కడ రాస్తున్న. పోస్టు పొడుగైతది. ఓపికతోని చదువుర్రి.

నాకు ఆ ఆలోచన ఎందుకొచ్చింది

2023 చలికాలం. మోటరు కేబుల్ రెండుసార్లు కోసుకుపోయిండ్రు. కేబుల్ పోతే దాని ధర ఒక్కటే కాదు నష్టం, మళ్ల వైరు తెచ్చి బిగించేదాక మూడు నాలుగు రోజులు తడి ఆగుతది. ఆ ఊపుల రాత్రిపూట బాయి కాడ పండుడు మొదలుపెట్టిన. చేతుల టార్చి లైటు, పక్కన కర్ర.

ఇది అందరికీ చెప్పిన కారణం. చెప్పని కారణం ఇంకోటి ఉండె. మా చిన్నాయిన కొడుకుకు నాకు గెట్టు పంచాయితీ నడుస్తుండె. తాతల కాలంల పోసిన గెట్టు. ఆళ్లు దున్నినప్పుడల్లా మా దిక్కు జరుపుతున్నరని నేను, మేమే ఆళ్ల దిక్కు జరిపినమని వాడు. ఒకనాడు ట్రాక్టర్ ముందల నిలబడి వాడొక మాట అన్నడు. "ఈ ఏడు నువ్వు పంట ఎట్ల తీస్తవో చూస్త" అని. పది మంది కూలీల ముందల అన్నడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి మనసుల ఒక బొమ్మ పడ్డది. నడుముకు రివాల్వర్ పెట్టుకుని గెట్టు మీద నడుస్తున్న, వాడు చూస్తున్నడు. కాల్చుడు లేదు, ఏం లేదు, వాడు చూస్తె చాలు. నిజం చెప్తున్న, నాకు కావాల్సింది అంతనే.

అప్పుడే ఫోన్ల ఈ 35 వేల రివాల్వర్ ముచ్చట కనపడ్డది.

అసలు ఆ వస్తువు ఏంది

దాని పేరు 'నిడర్'. అంటే భయం లేనిది. బెంగాల్‌ల కలకత్తా దగ్గర ఇఛాపూర్‌ల సర్కారు రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్నది, అందుల తయారు చేసిండ్రు. పావు కిలో బరువు, ఎనిమిది తూటాలు పడతయి. వచ్చిన కొత్తల ధర 35 వేల దగ్గర చెప్పిండ్రు. దానికంటె ముందు, 2014ల, కాన్పూర్ ఫ్యాక్టరీ నుంచి 'నిర్భీక్' అని ఒకటి వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన అయినంక ఆడోళ్ల రక్షణకని తెచ్చిండ్రు. అది .32 బోర్, అరకిలో బరువు, ధర 1,22,360 రూపాయలు. దాని పక్కన పెడితె నిడర్ చవుక లెక్కనే కనపడతది. ఇప్పుడు ఆ పాత ఆర్డినెన్స్ బోర్డు లేదు. 2021 అక్టోబరుల దాన్ని ఏడు కంపెనీలు చేసిండ్రు. చిన్న ఆయుధాలు చేసే ఫ్యాక్టరీలు కాన్పూర్ కంపెనీ కిందికి పోయినయి.

చవుక ఎందుకైంది అనేది తెలుసుకోవాలె. అది .22 బోర్. తూటా మందం 5.6 మిల్లీమీటర్లు. ఈ తూటాను రిమ్‌ఫైర్ అంటరు. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకి యాది చేసుకోండి. గొడ్డు దెబ్బ పడంగనే చుక్కల ఉన్న మందు టప్పున పేలుతది. తూటాల కూడ అట్లనే దెబ్బ తగిలితె అంటుకునే మందు కొంచెం ఉంటది. పెద్ద తూటాలల్ల ఆ మందు అడుగున నడిమిట్ల వేరే చిన్న గిన్నెల పెడతరు. రిమ్‌ఫైర్‌ల ఆ గిన్నె ఉండదు. అడుగు అంచు లోపల చుట్టూత పూస్తరు. పిన్ను ఆ అంచు మీద కొడితె పేలుతది. తయారీ అలక, ఖర్చు తక్కువ, చప్పుడు తక్కువ, చేతికి దెబ్బ తక్కువ. షూటింగ్ నేర్చుకునే పిల్లలు .22తోనే మొదలుపెట్టేది అందుకే.

ఇగ దాని లోపాలు. అంచు చుట్టూత మందు సమానంగ పడకపోతె ఆ దిక్కున కొట్టినప్పుడు పేలదు. నడిమిట్ల మందు ఉండే తూటాలతో పోలిస్తె ఇది కొంచెం ఎక్కువ మొండికేస్తది. రివాల్వర్ కాబట్టి మళ్ల గుర్రం నొక్కితె తర్వాతి తూటా వస్తది, అది దానికి ఒక మంచి గుణం. రెండోది, దెబ్బ బలం. తూటా ముందలి సీసం రెండున్నర గ్రాముల చిల్లర. రైఫిల్ పొడుగు గొట్టంల నుంచి పోతె మంచి వేగం అందుకుంటది. ఇంత చిన్న గొట్టంల నుంచి పోతె ఆ వేగం రాదు. అంటే ఇది ఒక గది పొడవు దూరంల, ఎదురుంగ మనిషి మీద పడ్డప్పుడు, వేరే దారి లేనప్పుడు వాడే వస్తువు. ఎకురాల చేనుకు కాపలా వస్తువు కాదు.

పందులకు పనికొస్తదా

పనికిరాదు. ఒక్క మాటల అంతనే. కాని ఎందుకో చెప్త.

ఎదిగిన అడవిపంది ఎనభై, వంద కిలోలుంటది. మందమైన తోలు, దాని కింద కొవ్వు. చీకట్ల, ఉరికే పందికి, చిన్న గొట్టం రివాల్వర్‌తోని గురి చూసి కొట్టుడు సినిమాల్ల అయితది. తగిలినా చావదు, దెబ్బ తింటది. దెబ్బ తిన్న పంది మీదికొస్తె మన కాలు మనకు దక్కదు. ఇగ కోతుల మీద అయితె ఇంకా ఘోరం. చెట్టు మీద ఉన్న కోతికి మనం పైకి గురి పెడతం. తగలని తూటా ఆకాశంల ఆగదు. .22 చిన్నదే కాని రైఫిల్ నుంచి పైకి కొడితె మైలు దాటి పోయి పడగలదు. రివాల్వర్ నుంచి కొంత తక్కువ పోతదనుకున్నా, పక్క చేన్ల మిరప ఏరే కూలీలు అంతకంటె దగ్గరనే ఉంటరు.

చట్టం కూడ ఈ తేడా చూపెట్టింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌ల పంట రక్షణ అనే మాట ఉన్నది. కాని దేనికి? మందు దట్టి కొట్టే నాటు బర్మారుకు. అది చాలదని అధికారికి అనిపిస్తె పొడుగు గొట్టం తుపాకికి. రివాల్వర్‌కు ఆ దారి లేదు. దానికి వేరేగ 'సరైన కారణం' చూపెట్టాలె. ప్రాణానికి ముప్పున్నదని అధికారి నమ్మాలె. అంటే పందుల పేరు చెప్పి రివాల్వర్ అడుగుడంటె, దుక్కి దున్ననీకి మోటర్ సైకిల్ అడిగినట్టు.

ఇంకో మాట. చేతుల లైసెన్సు తుపాకి ఉన్నా పందిని మనకు మనమే కొట్టొద్దు. అది వన్యప్రాణి చట్టం కిందికొస్తది. దానికి అనుమతి వేరు, కొట్టేటోళ్లు వేరు. పందుల బాధ ఎక్కువుంటె గ్రామ పంచాయతీల, అటవీ శాఖల రాసియ్యాలె. కొందరు కరెంటు వైరు పెడుతున్నరు. దండం పెట్టి చెప్తున్న, వద్దు. పందికి పెట్టిన వైరుకు మనుషులు పోయిన ముచ్చట్లు మనం ఎన్ని వినలేదు! సోలార్ కంచె వేరు. అది మిషన్ నుంచి ఆగి ఆగి చిన్న దెబ్బ ఇస్తది, ప్రాణం తీయదు. దానికీ, ఇంటి కరెంటు ఇచ్చే వైరుకూ పోలిక లేదు.

దొంగలకు పనికొస్తదా

ఇది కొంచెం ఆలోచించాలె. కేబుల్ దొంగ మన మీదికి రాడు, చప్పుడైతె ఉరుకుతడు. ఉరికేటోని మీద కాల్చినమనుకో, చట్టం మన దిక్కు ఉండదు. ఆత్మరక్షణ హక్కు అందరికీ ఉన్నది. ఇంతకుముందు ఐపీసీల ఉండె, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల ఉన్నది. కాని ఆ హక్కుకు గెట్టు ఉన్నది. ప్రాణం పోతదనో, పెద్ద గాయమైతదనో నిజమైన భయం ఉంటె, దోపిడి అయితె, రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికొస్తె, అటువంటప్పుడే ఎదుటోని ప్రాణం దాక పోనిస్తది. చేన్ల వైరు కోసుకుని ఉరికే పోరగాని కోసం కాదు. ఐదారు వేల కేబుల్‌కు మనం జైలు పాలైతె ఎకురాలు వకీలు ఫీజులకు పోతయి.

ఇంకోటి, మన కాడ రివాల్వర్ ఉన్నదని ఊరికి తెలుస్తది. ఊరంటేనే అది. అప్పుడు దొంగకు మన కేబుల్ కంటె మన రివాల్వరే ముద్దొస్తది. బాయి కాడి గుడిసెల తల కింద పెట్టుకుని పంటె అది కాపలా కాదు, దొంగకు పిలుపు.

చవుకనా? లెక్క చూద్దాం

35 వేలు అనేది వచ్చిన కొత్తల మాట. రివాల్వర్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండె. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. పాన్ మసాలా, పడవలు ఉన్న వరుసల పెట్టిండ్రు. ట్రాక్టర్ మీద 5 శాతం, రివాల్వర్ మీద 40 శాతం. సర్కారు మనసుల ఏమున్నదో ఆ లెక్కనే చెప్తది.

వస్తువు కంటె ముందు లైసెన్సు కావాలె. 21 ఏండ్లు నిండాలె. మన దిక్కు కమిషనరేట్ ఉన్నది కాబట్టి దరఖాస్తు అక్కడికి పోతది. ఠాణా నుంచి విచారణ వస్తది. భద్రంగ వాడుడు నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ కావాలె, డాక్టర్ సర్టిఫికెట్ కావాలె, ఇంట్ల తాళం వేసి దాచే జాగ చూపెట్టాలె. లైసెన్సు ఐదేండ్లే. తర్వాత మళ్ల రెన్యువల్. తూటాలు కిరాణం దుకాణంల దొరకవు. లైసెన్సు మీద రాసినన్నే, లైసెన్సు ఉన్న దుకాణంలనే, ప్రతి దానికి లెక్క.

ఎలక్షన్లు వస్తె సాధారణంగ ఆయుధాలు ఠాణాల జమ చెయ్యమంటరు. మనకు 2023 నవంబరుల అసెంబ్లీ, 2024 మేల పార్లమెంటు, 2025 డిసెంబరుల పంచాయతీ ఎలక్షన్లు అయినయి. రెండేండ్లల్ల మూడుసార్లు. ఊర్లల్ల కొట్లాటలు ఎక్కువయ్యేది ఆ రోజులల్లనే. సరిగ్గ అప్పుడే అది మన కాడ ఉండదు. ఉండకపోవుడే మంచిది కూడ.

ఇయన్నీ చూసి ఒకాయన నాకు అడ్డదారి చెప్పిండు. "గవన్నీ ఎందుకు, ముంగేర్ మాల్ తెప్పిస్త, సగం ధరకే" అని. బీహార్‌ల ముంగేర్ నాటు తుపాకులకు పేరు. మనం తపంచా అంటం. లైసెన్సు లేకుండ ఆయుధం ఇంట్ల దొరికితె 2019 సవరణ అయినంక తక్కువల తక్కువ రెండేండ్లు, ఐదేండ్ల దాక జైలు. అది పక్కన పెట్టినా, ఏ పైపు ముక్కతోని చేసిండ్రో తెలియని గొట్టం. పేలితె ముందలికి పోతదో, మన చేతిలనే పగులుతదో గ్యారంటీ లేదు. ఆయన మాట అక్కడనే కొట్టేసిన. ఎవలన్న మీకు చెప్పినా కొట్టేయుర్రి.

మా అమ్మ మాట

నేను తుపాకి తెస్త అన్న ముచ్చట మా అమ్మ చెవుల పడ్డది. ఆమె ఎన్నడూ నా మాటకు అడ్డం రాదు. ఆనాడు మాత్రం అన్నం ముందల నుంచి లేచింది. "ఈ ఇంటికి తుపాకి వద్దు బిడ్డా. చూసింది చాలదా" అన్నది.

మన జిల్లా తుపాకి ఎరుగని జిల్లా కాదు. 1946 జులై 4న కడవెండిల దొర మనుషుల కాల్పులల్ల దొడ్డి కొమురయ్య పోయిండు. అక్కడి నుంచి ఒక తరం తుపాకుల నడుమ బతికింది. మా చిన్నప్పుడు రాత్రిళ్లు అన్నలు తుపాకులతోని వచ్చేటోళ్లు, తెల్లారి పోలీసోళ్లు తుపాకులతోని వచ్చేటోళ్లు. రెండు దిక్కులోళ్లకూ జవాబు చెప్పాల్సింది మా అమ్మ అసోంటోళ్లే. తుపాకి ఎవల చేతుల ఉన్నదనేది ఆమెకు పెద్ద తేడా కాదు. తుపాకి ఉన్న రోజు ఇంట్ల ఎవలూ గొంతెత్తి మాట్లాడకపోదురు. ఆమెకు యాదికున్నది ఆ సప్పుడు లేని ఇల్లే.

అయినా నా మొండితనం పోలేదు. ముసలామె భయం అనుకున్న.

ఫారం చదివిన రాత్రి

మా కొడుకు అప్పుడు ఇంటర్ చదువుతుండె. ఫారం వానికిచ్చి చదువుమన్న. వాడు వాకిట్ల కూసోని ఒక్కొక్కటి చదువుతున్నడు, నేను చెప్తున్న. "ఎందుకు కావాలె అని అడిగిండ్రు నాయినా" అన్నడు. "పంట రక్షణ అని రాయి" అన్న. మా ఆమె బియ్యం చెరుగుతుండె, చాట ఆపింది. "పంటకు రివాల్వర్ ఏంది? ఎవలను కాల్చనీకి?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. ఎవలనో ఆమెకు ఎరికే. గెట్టు అవతలోడు ఆమెకు మరిది వరుస. మా పెండ్లిల సామాన్లు మోసింది వాడే.

పిలగాడు తర్వాతిది చదివిండు. "మానసిక ఆరోగ్యం మంచిగుందని డాక్టర్ సర్టిఫికెట్ కావాలంట." నేను నవ్విన. "నాకేమైంది, రాయించుకొస్త" అన్న. మా ఆమె నవ్వలేదు. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది.

రాత్రి పిల్లలు పన్నంక అడిగింది. "ఆ మిరప పోయిన ఏడు, మందు డబ్బలు ఇంట్ల ఎందుకు లేకుండెనో నీకు ఎరికేనా?"

ఆ మిరప పోయిన ఏడు అంటె 2021-22. మీ అందరికీ యాదికుంటది. నల్ల తామర పురుగు. పూత మీద పడి చేన్లకు చేన్లు నాశనం చేసింది. మన దిక్కు, మానుకోట దిక్కు, ఖమ్మం దిక్కు ఎవల చేను మిగిలింది! నేను రెండెకురాలు కౌలుకు కూడ పట్టి పెట్టిన. ఏ మందు కొట్టినా పురుగు ఆగలేదు, అప్పు ఆగలేదు. ఒక రాత్రి, తారీకు అక్కర లేదు, నేను లేచి కొట్టం దిక్కు పోయిన. మందు డబ్బలు పెట్టే మూల చూసిన. ఖాళీ. అయిపోయినయేమో అనుకున్న. అక్కడనే గోడకు ఆనుకుని కూసున్న. ఎంతసేపో తెలియదు. కోడి కూసింది. బర్రె అరిచింది. లేచి పాలు పిండిన. ఇది ఇన్నేండ్లల్ల నేను ఎవలకూ చెప్పలేదు. మా ఆమెకు తెలియదు అనుకున్న.

"అయిపోలేదు" అన్నది ఆమె. "పది రోజుల కిందటనే నేను మా అన్నోళ్ల ఇంట్ల పెట్టొచ్చిన. నువ్వు అన్నం తినే తీరు చూసి పెట్టొచ్చిన. ఆ రాత్రి నువ్వు కొట్టంలకు పోయింది చూసిన. తలుపు సందుల నిలబడ్డ. ఇప్పుడు ఇంట్లకు రివాల్వర్ తెస్తనంటున్నవు. దాన్ని నేను యాడ దాచాలె? తాళంచెవి నీ జేబుల ఉంటది గదా."

నాకు నోట మాట రాలేదు.

ఆ మాట విన్నంకనే నాకు ఈ రివాల్వర్ అసలు లెక్క అర్థమైంది. మనం తుపాకి కొనేటప్పుడు ఎప్పుడూ బయటోని గురించే ఆలోచిస్తం. పంది, దొంగ, దాయాది. కాని తుపాకి బయట ఉండదు, ఇంట్ల ఉంటది. మూడు వందల అరవై అయిదు రోజులు ఇంట్ల ఉంటది. పంది వచ్చే రోజు పదో ఇరవయ్యో. దొంగ వచ్చే రోజు ఒకటో రెండో. మన మనసు విరిగే రోజు ఎప్పుడొస్తదో మనకే తెలియదు. ఆ రోజు కూడ అది అక్కడనే, తల కిందనే ఉంటది.

మన జిల్లాకు ఇది కొత్త పాఠం కాదు. 1997-98ల పత్తి పోయినప్పుడు ఎన్ని ఇండ్లు చూసినం! ఆ పోయినోళ్లందరూ ముందే అనుకుని పోయినోళ్లు కాదు. చాలా మందికి అది ఒక్క గడియ. ఆ గడియల చేతికి ఏం అందితె అదే. ఆ గడియ దాటినోళ్లు నా లెక్క ఇంకా బతికే ఉన్నరు, పిల్లల పెండ్లిళ్లు చేస్తున్నరు. నేను దాటింది నా ధైర్యంతోని కాదు. ఆ మూల ఖాళీగ ఉండబట్టి. మందు డబ్బ అయితె ఆడమనిషి సంచిల పెట్టి అవతల పెట్టగలిగింది. లైసెన్సు నా పేరు మీద, తాళంచెవి నా మొలతాడుకు ఉన్న వస్తువును ఆమె ఏం చేస్తుండె?

తర్వాత ఏం చేసిన

ఫారం పొయ్యిల పెట్టలేదు. సినిమా లెక్క ఏం కాలేదు. బీరువాల పాసు పుస్తకాల కింద అట్లనే ఉన్నది. మళ్ల ఎన్నడూ తీయలేదు.

గెట్టు కోసం మీసేవల సర్వేకు పెట్టుకున్న, ఎఫ్-లైన్ అంటరు. సర్వేయర్ రానీకి టైం పట్టింది. వచ్చి కొలిచినంక తేలింది, తూర్పు దిక్కున ఆళ్లు మా దాంట్లకు జరిగిండ్రు, పడమర దిక్కున మేము ఆళ్ల దాంట్లకు జరిగినం. మాదే ఎక్కువ. రాళ్లు పాతిచ్చినం. చిన్నాయిన కొడుకుతోని మాటలు ఇప్పటికీ తక్కువనే. కాని పోయిన ఎండకాలం ఆళ్ల మోటరు కాలితె మా బాయి నీళ్లు నాలుగు రోజులు ఇచ్చిన. తీసుకున్నడు. ఇద్దరం ఎక్కువ ఏం మాట్లాడలేదు.

దొంగలకు ఏం చేసినం అంటె, కేబుల్‌ను పైన వదలకుండ పైపుల పెట్టి భూమిల పాతినం. సిమ్ కార్డుతోని నడిచే సోలార్ కెమెరా ఒకటి స్తంభానికి పెట్టిన. నలుగురు రైతులం కలిసి వంతులేసుకుని తిరిగినం. ఒక్కళ్లం పండుడు బంద్ చేసినం. పందులకు ముగ్గురం కలిసి సోలార్ కంచె మిషన్ కొన్నం. నా వాటా మొత్తం కలిపి ఆ రివాల్వర్ ధర కాలేదు. పందులు పూర్తిగ ఆగినయి అని చెప్పను, కాని చేను మిగులుతున్నది. కేబుల్ మాత్రం అప్పటి నుంచి పోలేదు.

మరి ఎవలకూ వద్దా?

అట్ల అనను. నిజంగ ప్రాణానికి ముప్పున్నోళ్లు ఉంటరు. ఠాణాల కేసు నమోదై, బెదిరింపులు రుజువై ఉన్నోళ్లు, రోజూ పెద్ద మొత్తం పైసలు మోసేటోళ్లు. ఆళ్లకు చట్టం దారి ఇచ్చింది, ఆ దారినే పోవాలె. ఆళ్లు కూడ కొనే ముందు ఏడాదికి ఎన్నిసార్లు సాధన చేస్తరో చూసుకోవాలె. సాధన లేని చేతిల రివాల్వర్ ఉన్నా లేనట్టే. అంతకంటె అధ్వాన్నం, ఉన్నదన్న ధీమాతోని పోకూడని కాడికి పోతం. గురి కొట్టాలని సరదా ఉన్న పిల్లలుంటె షూటింగ్ క్లబ్బుల నేర్పిచ్చుర్రి. ఆడ .22 మంచి గురువు. చేన్ల అది పనిముట్టు కాదు.

మన అసోంటి రైతుకు, పందుల కోసమో, కేబుల్ కోసమో, గెట్టు కోసమో 35 వేల రివాల్వర్ అక్కరేనా అంటె, నా జవాబు అక్కర లేదు. వస్తువు మంచిది కాదని కాదు. మన కష్టానికి అది మందు కాదని.

కొనే ఆలోచన ఉన్నోళ్లు ఒక్క పని చేయుర్రి. కమిషనరేట్‌కు పోయే ముందు ఇంట్ల ఆమెను అడుగుర్రి. అమ్మను అడుగుర్రి. "నేను తుపాకి తెస్త, నీకేమనిపిస్తది" అని. ఆళ్లు చెప్పేదాక ఆగుర్రి. నడుమల మాట్లాడకుర్రి.

ఇంకో పని ఈ రోజే చేయుర్రి. మందు డబ్బలు ఇంట్ల పెట్టకుర్రి. ఒక పెట్టె చేపిచ్చి తాళం వేయుర్రి, తాళంచెవి మీ కాడ కాకుండ ఇంట్ల వేరేటోళ్ల కాడ పెట్టుర్రి. పక్క రైతు నాలుగు రోజులు మాట్లాడకపోతె, సరిగ్గ తినకపోతె, పోయి పక్కన కూసోవుర్రి. ఏం మాట్లాడాలో తెలియకపోతె వాన ముచ్చట మాట్లాడుర్రి. మనసు మరీ బరువైతె 14416కు ఫోన్ చేయుర్రి. టెలి మానస్ అంటరు, సర్కారు నంబరే, పైసలు పడవు, తెలుగుల మాట్లాడతరు. అది సిగ్గు పని కాదు. నాకు ఆనాడు ఆ నంబరు లేకుండె, మా ఆమె ఉండె.

ఆ మార్కెట్ తమ్ముడు ఇది చదివితె, ఒకసారి మా బాయి కాడికి రా. చాయ్ తాగుదాం. సోలార్ కంచె, కెమెరా చూపెడ్త. మీ ఊరి నలుగురిని తోలుకరా.

పొడుగైంది, ఏమనుకోకుర్రి. మీకు తెలిసిన ఉపాయాలు ఉంటె రాయుర్రి, పందులకు ఏం పనిచేసింది, ఏం పనిచేయలేదు, అందరికీ అక్కరకొస్తది.

జై కిసాన్.